దేవదానం ఆర్ట్స్, నూజివీడు

మొన్న వేసవిలో హైదరాబాదు నుంచి గడ్డం పెంచిన ఒక యువకుడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పాత కాసెట్ల మీద ఏదో పరిశోధన చేస్తున్నాడట. కుర్చీలో కూర్చుని, పసిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ఒక కాసెట్ ఉంది. అట్ట మీద నల్లటి రంగులో తెల్లటి పుర్రె. పుర్రె కింద రెండు ఎముకలు ఉండాల్సిన చోట అడ్డంగా రెండు గిటార్లు. పుర్రె నెత్తిన పచ్చటి మామిడి తోరణం. కింద కుడి మూల "దేవదానం ఆర్ట్స్, నూజివీడు" అని సంతకం. "మీ నాన్నగారు ఎంత ముందుచూపున్న ఆర్టిస్టో మీకు తెలుసా మేడమ్?" అన్నాడు. ఆ పుర్రె రసాయన వ్యవసాయం మీద తిరుగుబాటట. ఆ తోరణం చావు గుమ్మానికి మనిషి కట్టిన ఆశట. నేను చిన్నరసాలు పిండి రసం తీసి గ్లాసులో పోసిచ్చాను. అతను తాగడం అయ్యాక, "ఆ బొమ్మ గీసింది మా నాన్న కాదు బాబూ, నేను" అన్నాను. అతని మొహం వెలిగింది. "ఓ, అంటే మీరు నాన్నగారికి అసిస్ట్ చేసేవారన్నమాట! బ్యూటిఫుల్!" అన్నాడు. తర్వాత గోడ మీదున్న నాన్న ఫోటోని ఫోన్లో తీసుకుంటూ, నా నీడ పడుతోందని నన్ను కొంచెం పక్కకి జరగమన్నాడు. జరిగాను. జరగడం నాకు బాగా అలవాటు.

అతను వెళ్లాక, నేను పెరిగిన ఇంటి వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. చర్చి వెనక వీధిలో మాది రెండు గదుల పెంకుటిల్లు. ముందు గది నాన్న దుకాణం, వెనక గది మా కాపురం. మధ్యలో తలుపు లేదు గనక వాసనలకు హద్దులు ఉండేవి కావు. టర్పెంటాయిలు, వార్నిషు, నాయనమ్మ చుట్ట పొగ, వేసవిలోనైతే మంచాల కింద వరిగడ్డిలో మాగేసిన మామిడిపళ్లు. ఇవన్నీ కలిసిన ఒకే వాసన మా బట్టలకీ, పుస్తకాలకీ, ఆఖరికి ఆవకాయకీ పట్టేది. అమ్మ ఆసుపత్రిలో ఆయా పని చేసి సాయంత్రం ఇంటికొచ్చేది. గుమ్మంలో ఒకసారి తుమ్మి, "నా ఇంటికే వచ్చాను, అనుమానం లేదు" అని లోపలికి నడిచేది. నాయనమ్మ పేరు రాహేలమ్మ. ఆవిడ అడ్డపొగ మనిషి. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. కుటుంబ ప్రార్థనలో కూడా తీసేది కాదు. ఆమెన్ అనాల్సి వచ్చినప్పుడు మాత్రం నిప్పును దవడ వైపుకి తోసి అనేది. ప్రభువు పొగ చూసి కోప్పడడు, అబద్ధం చూసి కోప్పడతాడు అనేది. ఆవిడ లెక్క ప్రకారం మా ఇంట్లో ఆయన కోప్పడాల్సింది ఒక్క మా నాన్న మీదే.

మా నాన్న దేవదానం బోర్డులు రాసే పెయింటరు. గోడలు, లారీల వెనకలు, కొట్ల మీద రేకులు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల గుర్తులు. చుట్టూ మెట్ట ఊళ్లలో రైతులంతా ఆకాశం వైపు చూసి వాన కావాలని మొక్కుకుంటుంటే, ఆయన తెల్లవారుజామునే మోకాళ్ల మీద నిలబడి గోడ మీద రంగు ఆరేదాకా చినుకు పడకూడదని ప్రార్థించేవాడు. మా ప్రాంతంలో కరువులకి కారణం నీ కొడుకు ప్రార్థనేనేమో అని అమ్మ నాయనమ్మతో అనేది. ఆయన అక్షరం మనిషి ఎత్తు ఉండాలి. ఎంత పెద్ద గోడిస్తే అంత ఉత్సాహం. ఇక సంతకం సంగతికొస్తే, బోర్డు మీద యజమాని పేరు ఎంత ఉంటుందో, కింద "దేవదానం ఆర్ట్స్" అంతకు ఒక వేలు తక్కువ ఉండేది. ఒకసారి పళ్ల డాక్టరు గారి బోర్డు మీద కూడా అలాగే రాశాడు. దవడలు వాచిన జనం కొందరు వారం రోజులపాటు మా ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చుని మూలిగారు. నాన్న వాళ్లకి లవంగం నూనె ఇచ్చి పంపాడు గానీ సంతకం మాత్రం తగ్గించలేదు.

నా సంగతి ఆయనకు పూర్తిగా తిరగేసి ఉండేది. డ్రాయింగు పరీక్షలు లోయరూ హయ్యరూ పాసయ్యాను. నాకు చిన్న బొమ్మ వస్తుంది. అంగుళం మీద కాయ గీసి, కాయ మీద మచ్చ పెట్టి, మచ్చ పక్కన సొన చుక్క కారుతున్నట్టు చూపించగలను. నాన్న గీస్తే బంగినపల్లి గుమ్మడికాయంత వచ్చేది. అందుకని ఢిల్లీకీ కలకత్తాకీ వెళ్లే మామిడి పెట్టెల మీద అంటించే లేబుళ్లన్నీ ఇంటర్మీడియట్ నుంచీ నేనే గీసేదాన్ని. అన్నిటి మీదా సంతకం దేవదానం ఆర్ట్సే. అప్పట్లో నాకు అది తప్పుగా తోచలేదు. ఇంట్లో అన్నం ఎవరు వండినా ఇంటి అన్నమే కదా అనుకునేదాన్ని.

మా ఊళ్లోకి రాక్ సంగీతం వచ్చింది ఎనభైల్లో, మామిడి సీజను అయిపోయిన వెంటనే. సాంబయ్య గారని మామిడి కమిషన్ వ్యాపారి ఉండేవారు. పక్కనే పురుగుమందుల కొట్టు కూడా ఆయనదే. ఒక చేత్తో మందు అమ్మి, ఇంకో చేత్తో కాయ కొనేవారు. ఆయన కొడుకు రాజబాబు మద్రాసులో చదువుకోవడానికి వెళ్లి, చదువు అక్కడే వదిలేసి, భుజాల దాకా జుట్టుతో, ఒక ఎలక్ట్రిక్ గిటారుతో తిరిగొచ్చాడు. మా చర్చిలో డ్రమ్ములు వాయించే ప్రకాశాన్నీ, ఇంకో ఇద్దరినీ పోగేసి, ఖాళీగా ఉన్న మామిడి గోడౌన్లో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. రాక్ అనే సంగీతానికి కరెంటు కావాలి. మా ఊళ్లో కరెంటు వచ్చినప్పుడు వస్తుంది, పోయినప్పుడు పోతుంది. పాట మంచి ఊపులో ఉండగా గిటార్లు చచ్చిపోయేవి. ప్రకాశం మాత్రం కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉండేవాడు, ఆదివారం ఆరాధనలో లాగా. పాటలు ఇంగ్లీషులో రాజబాబే రాశాడు. మా కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు విని, భాష ఏదో తేల్చుకోలేకపోయానన్నారు.

ఒకరోజు రాజబాబు మా దుకాణానికి వచ్చాడు. నాన్న లేడు. చాట్రాయిలో ఏదో గోడ దొరికితే వెళ్లాడు.

"సుగుణా, కాసెట్ తీస్తున్నాం. అట్ట మీద బొమ్మ కావాలి."

"ఏం వెయ్యమంటారండీ? రసాలా, బంగినపల్లా?"

"మామిడికాయ ఏంటి! ఇది రాక్. పుర్రె కావాలి. చూసినోడు జడుసుకోవాలి."

"పుర్రె నేనెప్పుడూ చూళ్లేదండీ."

"నేను మాత్రం చూశానా? ఎక్కడన్నా చూసి గియ్యి."

ఎక్కడ చూస్తాం? ఆ కాలంలో మా ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ పుర్రె బొమ్మ ఒకటి ఉండేది, పురుగుమందు డబ్బా మీద. వాళ్ల నాన్న కొట్లోంచే ఒక ఖాళీ డబ్బా తెప్పించుకుని, కడిగి, కిటికీలో పెట్టుకుని చూసి గీశాను. రసాయన వ్యవసాయం మీద నా తిరుగుబాటు అంతా ఇంతే. అచ్చువాళ్లు పెద్ద బొమ్మను తీసుకుని చిన్నది చేసుకుంటారని నాకెవరూ చెప్పలేదు. అట్ట ఎంత ఉంటుందో అంత కాగితం మీదే, నాలుగు వెంట్రుకలున్న కుంచెతో, ఊపిరి బిగబట్టి గీశాను. పళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా పెట్టాను. గిటారుకి తీగలు లెక్క తప్పకుండా లాగాను. నాయనమ్మ చుట్ట తీసి, కాగితం కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. "మీ తాత లాగే ఉన్నాడే. ఆ దవడ ఆయందే" అంది. ఎవరో ఒకరు పోలిక పట్టారు గదా అని సంతోషించాను.

సాంబయ్య గారు మాత్రం బొమ్మ చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది పాటలకా, పురుగుమందుకా? కొత్త వ్యాపారం మొదలెడుతూ ఎవడన్నా పుర్రె పెట్టుకుంటాడా? మంగళకరంగా ఏదన్నా వెయ్యమ్మా పైన" అన్నారు. "మన సరుకు కూడా కొంచెం కనపడాలి" అని కూడా అన్నారు. కాసెట్ ఖర్చు ఆయనది కాబట్టి పుర్రె నెత్తిన మామిడి తోరణం కట్టాను. రాజబాబు చూసి, "నా రాక్‌కి గృహప్రవేశం చేశారు" అని నెత్తి కొట్టుకున్నాడు. ఇక అక్షరాల పని నాన్నది. బృందం పేరు బ్లాక్ లైట్నింగ్, అంటే నల్ల మెరుపు. నాన్న "బ్లాక్ లైటింగ్" అని రాశాడు. తప్పని చెబితే వినలేదు. "లైటింగ్ అంటే ఈ ఊళ్లో పసిపిల్లాడికి కూడా తెలుసు. లైట్నింగ్ అంటే ఎవడికి తెలుసు?" అన్నాడు. రాసి, మూల మీద సంతకం పెట్టి, తనే విజయవాడ బస్సెక్కి అచ్చుకిచ్చి వచ్చాడు. కాసెట్లు వచ్చాక పెళ్లిళ్లకు సీరియల్ బల్బులు కట్టాలంటూ బృందానికి పిలుపులు మొదలయ్యాయి. రాజబాబు మొదట్లో తిట్టి పంపేవాడు. కొన్నేళ్లకి జుట్టు కత్తిరించుకుని ఆ వ్యాపారమే పెట్టాడు, బాగా సంపాదించాడు కూడా. మా నాన్న చేసిన తప్పుల్లో ఒక కుటుంబాన్ని నిలబెట్టింది అదొక్కటే.

కాసెట్లు అమ్మడానికి వేరే చోటు లేక సాంబయ్య గారు వాటిని పురుగుమందుల కొట్లోనే, డబ్బాల పక్కన, పేర్చి పెట్టించారు. పుర్రె పక్కన పుర్రె, చక్కగా కలిసిపోయాయి. ముసునూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన కాసెట్ తిప్పి తిప్పి చూసి, "ఎకరానికి ఎంత కొట్టాలండీ?" అని అడిగాడట. గుమాస్తాకి ఏమనిపించిందో, "ముందు వినండి, తర్వాత చెబుతాం" అని అంటగట్టాడు. ఆయన తోటకి తీసుకెళ్లి, కాపలా గుడిసెలో ఉన్న టేప్ రికార్డర్‌లో పెట్టాడు. అప్పటికి సీజను కాని రోజుల్లో కాసే పునాస కాయలున్న చెట్ల మీద కోతులు కూర్చుని ఉన్నాయి. రాజబాబు మొదటి కేక పెట్టగానే ఒక్కటి కూడా మిగల్లేదట. చిలకలు సైతం లేచిపోయాయట. ఆయన మర్నాడే వచ్చి ఇంకో రెండు కొన్నాడు. నోటా నోటా పాకి, తర్వాతి సీజనుకల్లా తోటల్లో డప్పులు కొట్టడం మానేసి "కోతుల కాసెట్" పెట్టడం మొదలైంది. మా జిల్లాలో రాక్ సంగీతం అమ్ముడుపోయింది ఇలా. రాజబాబు వారం రోజులు గదిలోంచి బయటికి రాలేదు. సాంబయ్య గారు మాత్రం రెండో కాసెట్ ఎప్పుడని అడిగారు, ఈసారి గబ్బిలాలకి కూడా పనికొచ్చేలా.

ఇంతలో చర్చిలో రగడ మొదలైంది. ప్రకాశం వాళ్లమ్మ కొడుకు పెట్టెలో ఈ కాసెట్ చూసి, కొంగులో కట్టుకుని వెళ్లి పాస్టరు గారి ముందు పెట్టింది. మేమంతా ఆయన్ని అయ్యగారు అనేవాళ్లం. మంచివారే, కాని సైతానుని ప్రతి రోజూ ఎక్కడో ఒకచోట చూస్తూ ఉండేవారు. అట్ట మీద సంఘ సభ్యుడి పేరు పెద్దగా ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు బెంచీల మీద ఆగిపోయారు. నాన్నని పిలిచారు. చర్చి గోడల మీద వాక్యాలూ, క్రిస్మస్ తెరలూ, సమాధుల మీద పేర్లూ అన్నీ ఆయన రాసేవే. ఆ పనులు పోతే మాకు సగం పొయ్యి వెలగదు. ఆయన ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. నేనూ అమ్మా నాయనమ్మా వెనక చాప మీద కూర్చున్నాం.

"దేవదానం, ఇది నీ సంతకమేనా?" అన్నారు అయ్యగారు.

"నాదేనండీ."

"విశ్వాసివై ఉండి సైతాను బొమ్మ గీస్తావా?"

నాన్న సంతకం వైపు చూశాడు. పెద్దల వైపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి నా వైపు చేయి చూపించాడు.

"సంతకం వరకే నాదండీ. గీసింది మా అమ్మాయండీ."

చర్చి మొత్తం తిరిగి నన్ను చూసింది. అమ్మ నెత్తి మీద కొంగు లాక్కుంది. నాయనమ్మ నోట్లో చుట్ట లేకపోయినా దవడ కదిపింది. నాకు భయం వేయాలి. వేయలేదు. ఒళ్లంతా వెచ్చగా అయింది. లేబుళ్లు, బోర్డుల మీద బొమ్మలు, ఇన్నేళ్ల నా పనిలో ఒక్కసారి కూడా పెదవి విప్పని మనిషి నలుగురిలో నా పేరు చెప్పాడు, తన మెడ తప్పించుకోవడానికే అయినా. నిందగా వచ్చినా సరే, అది నాకు రావాల్సినదే. లేచి నిలబడ్డాను.

"అవునండీ అయ్యగారూ, నేనే గీశాను. మొత్తం నేనే. పళ్లు కూడా."

"సిగ్గు లేకుండా చెబుతున్నావా? పుర్రెలో విశ్వాసికి ఏం పనమ్మా?"

చిన్నప్పుడు సండేస్కూల్లో కంఠతా పట్టించిందంతా ఆ క్షణంలో నోటికొచ్చింది. "ప్రభువుని సిలువ వేసిన చోటు పేరు గొల్గొతా కదండీ. అంటే కపాలస్థలం అనేగా మీరు చెప్పారు. మరి కపాలం లేకుండా ఆ చోటు ఎలా గీస్తారండీ?" అన్నాను. నిజానికి ఆ అట్టకీ గొల్గొతాకీ ఏ సంబంధమూ లేదని అక్కడున్న వాళ్లలో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. అయ్యగారు కాసెట్‌ని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు చూశారు. పెద్దలు ఆయన మొహం వైపు చూశారు. ఆయన మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. మర్నాడు ఆయన మా దుకాణానికి వచ్చి చెప్పాక గానీ అదేంటో తెలియలేదు. మా సంఘం గాయక బృందం శుభ శుక్రవారం పాటలతో ఒక కాసెట్ తీయాలని ఆయన ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నారట. "అట్ట మీద కొండ వెయ్యమ్మా. కొండ కింద ఆ పుర్రె ఉండాలి. అలాగే, పళ్లతో సహా. పైన మాత్రం తోరణం వద్దు, పావురం పెట్టు" అన్నారు.

ఆ ఆదివారం చర్చి నుంచి ఇంటికి నడుస్తున్నప్పుడు నేను నాన్న పక్కకి వెళ్లాను.

"నా పేరు చెప్పావేంటి నాన్నా?"

"అడిగారు కదమ్మా. చర్చిలో అబద్ధం ఆడతామా?"

"మరి అట్ట మీద?"

"అట్ట చర్చి కాదుగా" అన్నాడు, ఎంతో తేలిగ్గా. నాయనమ్మ వెనక నుంచి "ప్రభువా, విన్నావా" అంది.

ఒక్క పుర్రె గీసిన పాపానికి నేను ఆ తర్వాత ఎన్ని పావురాలు గీశానో. ఆ కొండ అట్ట విజయవాడలో కాసెట్లు తీసే కోటేశ్వరరావు గారి కంట పడింది. ఆయన భక్తి పాటలు, హరికథలు, హాస్య సంభాషణలు, ఎవరేం పాడితే అది తీసేవారు. "దేవదానం గారికి నమస్కారాలు" అంటూ పని బస్సులో వచ్చేది. బొమ్మ బస్సులోనే వెళ్లేది. ఈలోగా కాలేజీల్లో గిటార్లు పట్టుకున్న బృందాలు పుట్టుకొచ్చాయి. ఏలూరులో ఒకటి, గుడివాడలో ఒకటి. అందరికీ పుర్రే కావాలి. వాళ్ల పుర్రెలకి పొగ పెట్టాను, రెక్కలు పెట్టాను, ఒకడు అడిగితే మీసం కూడా పెట్టాను. పొద్దున పావురాలు, మధ్యాహ్నం పుర్రెలు. ఒక్కోసారి రంగు మిగిలితే పావురం కంట్లో పుర్రె నలుపు పడేది, ఎవరూ గమనించేవారు కాదు. మా వైపు రాక్ అనేది ఎంత ఉందో అంతకీ ఆస్థాన చిత్రకారుడు దేవదానం. ఆయన గోడ మీద నిచ్చెనెక్కి ఎరువుల ప్రకటన రాస్తుంటే, గిటారు కుర్రాళ్లు కింద నిలబడి దండం పెట్టి, "మీ లైన్లలో ఏదో కసి ఉందండీ" అనేవారు. ఆయన పైనుంచే తల ఊపేవాడు. ఆ కసి ఎక్కడి నుంచి వస్తోందో ఆయనకి తెలియకపోలేదు.

ఒకసారి గట్టిగానే అడిగాను, ఈసారి నా పేరు రాసుకుంటానని. ఆయన కుంచె కడుగుతూ సావకాశంగా చెప్పాడు. "రేపు పెళ్లయితే ఇంటిపేరు మారుద్ది. మళ్లీ జనానికి కొత్త పేరు అలవాటు చెయ్యాలి. దేవదానం అంటే అందరికీ తెలిసిన పేరు. మనదే కదమ్మా." ఆ "మన" అనే మాటలో నేను చాలా ఏళ్లు కాపురం చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ పట్టుకుని కూర్చునే మనిషి. నా బొమ్మల్ని ఊరంతా తిప్పి చూపించి మురిసేవాడు. కాకపోతే, చూపించేటప్పుడు అవి తనవే అని నిజంగానే నమ్మేవాడు. తర్వాత ఆయనకి చేతులు వణకడం మొదలైంది. గోడలు మానేశాడు. సంతకం కూడా కుదిరేది కాదు. వంకర పోతే దిగులుపడేవాడు. అప్పుడు ఆయన సంతకం నేనే పెట్టడం నేర్చుకున్నాను, ఆ 'ద' కింద తోక సాగదీయడంతో సహా. అలా చివరి అంగుళం కూడా నాదే అయింది.

నాన్న పోయినప్పుడు పేపర్లో జిల్లా పేజీలో చిన్న ఫోటోతో వేశారు, ప్రముఖ కాసెట్ చిత్రకారుడు ఇక లేరని. ఆయన నిజంగా రాసిన గోడల గురించి ఒక్క ముక్క లేదు. కోటేశ్వరరావు గారు విజయవాడ నుంచి దండ పట్టుకుని వచ్చి, శవపేటిక పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నారు. "అలాంటి పావురం ఇంక ఎవరు గీస్తారమ్మా" అన్నారు. నేను ఆయన్ని ఓదార్చాను.

నెల గడిచాక కొత్తగా ఒక పావురాన్ని గీశాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ గీయలేదు. కింద మూల మీద "సుగుణ" అని రాసి, మొదటిసారి నేనే స్వయంగా విజయవాడ వెళ్లాను. కోటేశ్వరరావు గారు కుర్చీ వేయించారు, బాదంపాలు తెప్పించారు. బొమ్మను కిటికీ వెలుగులో పట్టుకుని చూశారు. అంతటి మర్యాదతో ఎవరూ నన్ను అవమానించలేదు.

"బాగానే ఉందమ్మా. కాని మీ నాన్నగారి చెయ్యి రాలేదు. చూడు, ఆయన రెక్క తిప్పితే గాలి కనపడేది. సాధన చెయ్యి, వస్తుంది."

"పాతవి కూడా నేనే గీశానండీ. మొదటి నుంచీ అన్నీ నేనే."

ఆయన బల్ల మీద నుంచి వంగి నా వైపు జాలిగా చూశారు. "తండ్రి పోయిన దుఃఖం అలాంటిదమ్మా. మా చెల్లెలు కూడా అంతే, మా నాన్న పోయాక ఏడాదిపాటు అన్నీ తనే చేశానని అంటుండేది. బాదంపాలు తాగు" అన్నారు. తాగాను. చల్లగా, కమ్మగా ఉన్నాయి. బస్టాండు దాకా ఏడుపు రాలేదు. బస్సెక్కి కూర్చున్నాక పక్కసీట్లో ముసలమ్మ "ఎవరు పోయారమ్మా?" అని అడిగితే, "దేవదానం" అన్నాను. ఆ తర్వాత డ్రాయింగు టీచరు ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాను. రిటైరయ్యేదాకా పిల్లలకు కాయలూ పళ్లూ గీయడం నేర్పాను. ప్రతి బొమ్మ కిందా పేరు రాయించాకే మార్కులు వేసేదాన్ని.

ఇప్పుడు కాసెట్లు లేవు, అట్టలు లేవు. గోడల మీద అక్షరాలు లేవు, ఫ్లెక్సీలు వచ్చాయి. పాటకి బొమ్మ అంటే ఫోన్లో గోరంత చదరం. కంప్యూటరు నిమిషంలో పది పుర్రెలు కక్కుతుంది, ఒక్కదానికీ తాతగారి దవడ ఉండదు. అదేమంత బాధ కాదు, పనులు మారతాయి. నాకు విడ్డూరంగా తోచేది ఇంకొకటి. అప్పుడు అరచేతిలో పట్టే ఒక బొమ్మ కోసం పెద్దమనుషులు అన్నాలు మానుకుని బెంచీల మీద కూర్చుని తగువు పడ్డారు. ఇప్పుడు బొమ్మ చూసి ఎవరికీ కోపం రాదు. వేలితో పైకి తోసేస్తారు. మా అయ్యగారు మూర్ఖులే కావచ్చు, కాని ఆయన ఆ అట్టని నిజంగా చూశారు. ఆడపిల్ల పేరు అక్కర్లేని ఆ రోజులు మళ్లీ రావాలని నేను ఎప్పుడూ కోరుకోను. ఆ చూపు మాత్రం కావాలనిపిస్తుంది.

ఈ మధ్య చింతలపూడి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. గిటారు వాయిస్తుంది, తన పాటలు తనే రాసుకుంటుంది, తెలుగులో. ఫోన్లో పాట పెట్టడానికి బొమ్మ కావాలంది. ఏం వెయ్యమంటావని అడిగితే, "మీ ఇష్టం ఆంటీ" అంది. అలా ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. కంగారు పడ్డాను. మూడు రోజులు ఏమీ గీయలేకపోయాను. చివరికి మా పెరట్లో సొన కారుతున్న ఒక పచ్చికాయను గీసి ఇచ్చాను. కింద పేరు ఎలా రాయాలని అడిగితే చెప్పాను. బొమ్మ ఫోన్లోకి వచ్చింది. రంగులు బాగా వచ్చాయి. కింద చిన్న అక్షరాల్లో ఉంది, "చిత్రం: సగుణ".

వెంటనే ఫోన్ చేశాను.

"మొదటి అక్షరానికి కొమ్ము పోయిందమ్మా. పెట్టు."

"అయ్యో, చిన్నదే కదా ఆంటీ. అంత చిన్న అక్షరం ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను" అన్నాను.

సాయంత్రానికి కొమ్ము వచ్చింది.